కాంటనీస్ ‘తా’ని మన ‘కొట్టు’తో పట్టుకోవడం ఎలా

మా అక్క కూతురికి హాంగ్‌కాంగ్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళడానికి ఇంకా రెండు నెలలుంది. రోజూ సాయంత్రం విశాఖ మర్రిపాలెంలో మా ఇంటికి వచ్చి, వరండాలో కూర్చుని నా దగ్గర అక్కడివాళ్ళు మాట్లాడే కాంటనీస్ భాష నేర్చుకుంటోంది. మొన్నొక రోజు పుస్తకం తెరిచి పట్టుకుని మొహం చిన్నబుచ్చుకుంది. ‘తా’ అనే ఒక్క క్రియకి పేజీన్నర అర్థాలు ఇచ్చారు. కొట్టు, ఫోన్ చెయ్యి, టైప్ చెయ్యి, ఆడు, కూలికి పని చెయ్యి, తుమ్ము, ఆవలించు, తుఫాను వచ్చు, ఇంకా ఎన్నో.

“ఒక్క మాటకి ఇన్ని అర్థాలేటి మావయ్యా? ఇవన్నీ ఎలా గుర్తుంటాయి?” అంది.

పుస్తకం మూసెయ్యమన్నాను. పొద్దున్న లేచినప్పటినుంచి ‘కొట్టు’ అన్న మాట ఎక్కడెక్కడ వాడుతుందో ఒక కాగితం మీద రాయమన్నాను. రాసింది. గుళ్ళో కొబ్బరికాయ కొట్టడం, ఫ్రెండ్‌కి ఫోన్ కొట్టడం, స్కూటీకి గాలి కొట్టించడం, హారన్ కొట్టడం, గోడకి సున్నం కొట్టడం, క్లాసుకి డుమ్మా కొట్టడం, పరీక్షలో కాపీ కొట్టడం, సినిమా బోర్ కొట్టడం, పూర్ణా మార్కెట్ రద్దీలో ఎవరిదో పర్సు కొట్టేయడం, గుండె కొట్టుకోవడం. కాగితం నిండిపోయింది. వీటిలో ఒక్కటైనా తనకెవరూ నేర్పలేదు, అయినా ఒక్కటీ తప్పు వాడదు.

ఇంగ్లీషువాళ్ళకి ‘తా’ కష్టం. వాళ్ళ భాషలో ఫోను, సున్నం, పర్సు, గుండె అన్నీ ఒకే క్రియ కింద నడవవు. మనకి నడుస్తాయి. అందుకే తెలుగువాళ్ళు ‘తా’ని ఇంగ్లీషు పుస్తకంలోంచి కాకుండా, మన ‘కొట్టు’ పక్కన పెట్టుకుని నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎక్కడ రెండూ కలుస్తాయో అక్కడ శ్రమ లేదు. ఎక్కడ విడిపోతాయో అక్కడ మాత్రం మనసు పెడితే చాలు.

నేను 2011 నుంచి 2019 దాకా హాంగ్‌కాంగ్‌లో, క్వాయ్ చుంగ్ కంటైనర్ టెర్మినళ్ళ దగ్గర, ఓడల స్పేర్ పార్టుల గోడౌన్‌లో పనిచేశాను. నా కాంటనీస్ అంతా ఆ గోడౌన్‌లోదే. కింద చెప్పేవన్నీ అక్కడ రోజూ విన్నవీ, అన్నవీ.

ముందు నోరు తిరగాలి

పుస్తకాల్లో ఈ మాటని ఇంగ్లీషు ‘డి’తో రాసి, పక్కన 2 అంకె వేస్తారు. 1993లో హాంగ్‌కాంగ్ భాషాశాస్త్ర సంఘం తయారుచేసిన జ్యూట్‌పింగ్ అనే పద్ధతి అది. ఆ ‘డి’ని చూసి ‘డా’ అనకండి. అసలు శబ్దం గాలి వదలని ‘త’. మన తాటాకులో ‘తా’కి చాలా దగ్గర. అలాగే వాళ్ళు ‘బి’ అని రాసేది మన ‘ప’, ‘జి’ అని రాసేది మన ‘క’. ‘జెడ్’ అని రాసేది మాత్రం మనకి వరం లాంటిది. ‘చలి’, ‘చుక్క’, ‘చాప’ అనేటప్పుడు నాలుక పళ్ళకి తగిలి పలికే ‘చ’ ఉంది చూడండి, సరిగ్గా అదే. చీమలో ‘చ’ కాదు, చలిలో ‘చ’. ఈ వ్యాసంలో ‘చ’ ఎక్కడ కనిపించినా అలాగే చదువుకోండి.

2 అంకె అంటే కింద మొదలై పైకి లేచే స్వరం. కాంటనీస్‌లో ఆరు స్వరాలున్నాయి. స్వరం మారితే మాటే మారుతుంది. పక్కగదిలోంచి ఎవరో పిలిస్తే, సరిగ్గా వినబడక “ఆఁ?” అంటాం కదా. ఆ “ఆఁ?” ఎలా పైకి లేస్తుందో ‘తా’ కూడా అలాగే లేవాలి. మా మేనకోడలికి మొదటి మూడు రోజులూ ఇదొక్కటే చెప్పాను. “ఆఁ? తా. ఆఁ? తా.” అప్పుడుగానీ తర్వాతి మాటకి వెళ్ళలేదు.

రాయడం నేర్చుకునేవాళ్ళకి ఒక్క మాట. ఈ అక్షరానికి ఎడమ పక్క చెయ్యి గుర్తు, కుడి పక్క మేకులాంటి గీత ఉంటాయి. మొత్తం అయిదు గీతలు. చేత్తో మేకు కొడుతున్నట్టు ఊహించుకుంటే మరిచిపోరు.

ఫోన్‌తో మొదలుపెట్టండి

ఫోన్‌కి ‘తిన్ వా’ అంటారు. విడదీస్తే విద్యుత్తు, మాట. ఫోన్ చెయ్యడం ‘తా తిన్ వా’. మనం ఫోన్ కొట్టు అంటాం, వాళ్ళు కొట్టు ఫోన్ అంటారు. తేడా అంతే, కానీ ఆ తేడా దగ్గరే మన నాలుక జారుతుంది. మనకి వస్తువు ముందు, క్రియ చివర. వాళ్ళకి క్రియ ముందు. ‘తిన్ వా తా’ అనేశారో, అవతలివాళ్ళకి అర్థం కాదు.

కాలం చెప్పాలంటే క్రియ రూపం మార్చరు. ‘తా’కీ ‘తిన్ వా’కీ మధ్యలో ఒక చిన్న ముక్క దూరుస్తారు. ‘తా చో తిన్ వా’ అంటే ఫోన్ చేసేశాను. ‘తా కన్ తిన్ వా’ అంటే ఫోన్‌లో మాట్లాడుతున్నాను, ఇప్పుడే. ‘తా క్వో తిన్ వా’ అంటే ఇదివరకు ఎప్పుడో చేశాను. ఈ మూడు ముక్కలూ ‘తా’కి మాత్రమే కాదు, చాలా క్రియలకి అతుకుతాయి. అందుకే ఫోన్ దగ్గర బాగా నలగనివ్వండి.

నాకు ఫోన్ చెయ్యి అనాలంటే ‘తా తిన్ వా పేయ్ ఙో’. ‘పేయ్’ అంటే ఇవ్వడం, ‘ఙో’ అంటే నేను. చిన్నప్పుడు బడిలో క ఖ గ ఘ తర్వాత దిద్ది, తర్వాత ఎక్కడా పనికిరాని ‘ఙ’ అక్షరం ఇక్కడ పనికొస్తుంది. ఇప్పటి కుర్రాళ్ళు చాలామంది దాన్ని మింగేసి ‘ఓ’ అంటారు. మీరు మాత్రం ‘ఙో’ అనే నేర్చుకోండి. పెద్దవాళ్ళు సంతోషిస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘తా చో’ అంటే ఫోన్ చేసేశాను. ‘తా ఛో’, అంటే గాలి వదిలి పలికే ఛ, రాంగ్ నెంబర్‌కి చేశాను. స్వరం కూడా మారుతుంది. మొదటిది పైకి లేస్తుంది, రెండోది మధ్యలో నిలకడగా ఉంటుంది. నేను చేరిన మొదటి నెలలో ఒక ఓడకి ఇంజన్ గాస్కెట్లు పంపాలి. ఓడ ఆ రాత్రికే వెళ్ళిపోతుంది. ఏజెంటుకి ఫోన్ చేశావా అని మా సూపర్‌వైజర్ అడిగాడు. చేశానని చెప్పాలనుకుని నేను ‘తా ఛో’ అన్నాను. ఆయన మొహం మారిపోయింది. మన సరుకు వివరాలన్నీ ఎవరో వేరేవాళ్ళకి చేరాయనుకుని అరగంట సేపు రిజిస్టర్లన్నీ తిరగేశాడు, రెండు ఆఫీసులకి ఫోన్లు చేశాడు. లాంచీ వెళ్ళేలోపు సంగతి తేలింది, సరుకు చేరింది. కానీ ఆ అరగంట ఆ మనిషి పడ్డ టెన్షన్‌కి కారణం నేను వదిలిన ఒక్క ఊపిరి. ఆ రోజు రాత్రి నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని సాధన చేశాను. ‘చో’ అంటే కాగితం కదలకూడదు, ‘ఛో’ అంటే ఊగాలి. మీరూ అలాగే చెయ్యండి. ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు.

ఫోన్ కలవకపోతే ‘తా మ్ థుంగ్’. ‘మ్’ అంటే కాదు, ‘థుంగ్’ అంటే దారి తెరుచుకోవడం, కలవడం. ఈ మాట నేను నేర్చుకున్న రోజు తారీఖుతో సహా గుర్తుంది.

గాలి కొట్టిన రోజు

2014 అక్టోబర్ 12, ఆదివారం. మధ్యాహ్నం వేళ హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఇక్కడి గడియారం కంటే హాంగ్‌కాంగ్ గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది. పొద్దున్న మా ఆవిడతో మాట్లాడాను. కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి, వర్షం జల్లు ఈడ్చి కొడుతోంది అంది. తర్వాత లైన్ పోయింది. సాయంత్రం, రాత్రి, సోమవారం పొద్దున్న, చేస్తూనే ఉన్నాను. మా ఇల్లు, పక్కిల్లు, గాజువాకలో బావమరిది, ఏ నెంబరూ కలవలేదు.

గోడౌన్‌లో ప్యాకింగ్ చేసే ఒక పెద్దావిడ ఉండేది. నాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడింది లేదు. ఆవిడ నా దగ్గరికి వచ్చి, “ఉక్ ఖేయ్ తా ఫుంగ్ ఆ?” అంది. మీ ఇంటి దగ్గర తుఫానా అని. ‘ఫుంగ్’ అంటే గాలి. ‘తా ఫుంగ్’, గాలి కొట్టడం. నాకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. మా ఊళ్ళో కూడా గాలి కొడుతుంది. తలూపాను. నా చేతిలో ఫోన్ చూసి, “తా మ్ తా తక్ థుంగ్?” అని అడిగింది. కలుస్తోందా లేదా అని. ‘తా మ్ తా’, కొట్టావా కొట్టలేదా, ఇలా క్రియని రెండుసార్లు పెట్టి మధ్యలో ‘మ్’ వేస్తే అది ప్రశ్న అవుతుంది. ఆవిడ మాటే నేను తిప్పి, “తా మ్ థుంగ్” అన్నాను. కలవడం లేదు. ఆవిడ ఏమీ అనకుండా తన ఫ్లాస్కులోంచి వేడి టీ పోసి ఇచ్చి, నా వంతు పెట్టెలు కూడా తనే కట్టింది. బుధవారం సాయంత్రానికి లైన్ కలిసింది. ఇంటి ముందు వేపచెట్టు పోయింది, మనుషులంతా క్షేమం.

తుఫాను మాటలు ఇంకొన్ని తెలుసుకోవాలి. ఆ ఊళ్ళో అవి ప్రాణావసరం. మన పోర్టులో ప్రమాద సూచికలు ఎగరేసినట్టే అక్కడా నెంబర్లుంటాయి. మనకి వరసగా 11 దాకా ఉంటాయి. వాళ్ళకి 1, 3, 8, 9, 10 మాత్రమే. ‘పాత్ హో’, అంటే ఎనిమిదో నెంబరు, వేశారంటే బడులు, చాలావరకు ఆఫీసులు మూసేస్తారు, జనం ఇళ్ళకి చేరుకుంటారు. 2018 సెప్టెంబర్ 16న మాంగ్‌ఖుట్ తుఫానుకి పదో నెంబరు వేశారు. ఆ రోజు నేను గది దాటలేదు. విశాఖవాళ్ళకి నెంబరు చూసి భయపడటం ఎవరూ నేర్పనక్కర్లేదు, నెంబర్ల వరస మారిందన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

అచ్చంగా కలిసేవి

టైప్ చెయ్యడం ‘తా చీ’, అక్షరాలు కొట్టడం. మన డీటీపీ సెంటర్లలో కూడా “రెండు పేజీలు కొట్టిపెట్టండి” అనే అంటారు. డప్పు కొట్టడం ‘తా కూ’. ఆమ్లెట్‌కి గుడ్డు గిలక్కొట్టడం ‘తా తాన్’. ఫ్యాక్టరీలో కార్డు పంచ్ కొట్టడం ‘తా ఖాత్’. ఇప్పుడు కొత్త చోటుకి వెళ్ళి ఫొటో తీసి పెట్టడాన్ని కూడా కుర్రకారు ఇదే మాటతో అంటారు. పర్సు కొట్టేయడం ‘తా హో పావ్’. ఇది విన్నప్పుడు నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. సముద్రం అవతల, మనతో ఏ చుట్టరికం లేని భాషలో, దొంగ మన దొంగలాగే పర్సు ‘కొడుతున్నాడు’.

ట్యూబుకి గాలి కొట్టడం ‘తా హేయ్’. పోటీలో ఆడేవాళ్ళకి ఉత్సాహం ఇవ్వడానికి కూడా ఇదే మాట. మనిషికి గాలి కొట్టడమన్నమాట. దిగాలుగా ఉన్న స్నేహితుడి దగ్గర కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పడం కూడా ‘తా హేయ్’.

వాళ్ళవే అయినవి

ఇప్పుడు కొంచెం నెమ్మదిగా చదవండి. వీటికి మన ‘కొట్టు’ సాయం రాదు.

ఉద్యోగం చెయ్యడం ‘తా కుంగ్’. ఒకరి దగ్గర జీతానికి పనిచెయ్యడం అని. సొంత కొట్టు పెట్టుకున్నవాడు ‘తా కుంగ్’ అనడు. జీతగాణ్ణి ‘తా కుంగ్ చయ్’ అంటారు. అందులో చిన్నతనం ఏమీ లేదు, సూటు వేసుకున్నవాళ్ళు కూడా తమని తాము అలాగే చెప్పుకుంటారు. కూరగాయలమ్మే ఆవిడ కూడా మిమ్మల్ని మొదట అడిగేది ఇదే. “హయ్ పిన్ తో తా కుంగ్ ఆ?” ఎక్కడ పని చేస్తున్నావు అని. జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ఇంజక్షన్ ‘తా చమ్’. మనం డాక్టర్ సూది వేశాడు, నేను వేయించుకున్నాను అని రెండు రూపాలు వాడతాం. వాళ్ళకి రెండూ ఒకటే. ‘ఙో హొయ్ తా చమ్’ అంటే నేను సూది వేయించుకోవడానికి వెళ్తున్నాను. మీరు నర్సు అయితే వేయడానికి వెళ్తున్నానని కూడా. ఎవరన్నారో చూసి అర్థం చేసుకోవాలి.

ఆటలకి ‘తా పో’, బంతి కొట్టడం. బాస్కెట్‌బాల్, టెన్నిస్ వంటివన్నీ ఇందులో పడతాయి. ఫుట్‌బాల్ మాత్రం పడదు. దానికి ‘థెక్ పో’, తన్నడం. సెల్‌ఫోన్‌లో గేములాడినా ‘తా కేయ్’.

ఒంటికి దానంతటదే వచ్చేవి కూడా ‘తా’తోనే చెబుతారు. తుమ్మడం ‘తా హత్ ఛీ’, చప్పుడే మాటయింది. ఆవలించడం ‘తా హామ్ లో’. చలికి వణకడం ‘తా లాంగ్ చన్’. కానీ గుండె మాత్రం అక్కడ కొట్టుకోదు, గెంతుతుంది. ‘సమ్ థియు’ అంటారు.

చలికాలంలో పొయ్యి మధ్యలో పెట్టుకుని, ఉడుకుతున్న పులుసులో చేపలు, మాంసం, ఆకుకూరలు ముంచుకుని అందరూ కలిసి తినడం ‘తా పిన్ లో’. మిమ్మల్ని ఎవరైనా దీనికి పిలిస్తే మొహమాటపడకుండా వెళ్ళండి. శాకాహారులైతే ముందే చెప్పండి, కుండ ఒకటే ఉంటుంది. మిగిలినది కట్టించుకోవడం ‘తా పావ్’. మనం పార్సిల్ ‘కట్టు’ అంటాం, వాళ్ళు ‘కొట్టు’ అంటారు.

క్యూలో మధ్యలో దూరడం ‘తా చిమ్’. దీన్ని అక్కడ ఎవరూ సహించరు. “మ్ హో తా చిమ్”, దూరవద్దు, అని మొహం మీదే అంటారు. మనవాళ్ళు ఈ ఒక్క మాట వినకుండా బతకాలని నా కోరిక. క్యూ మరీ పెద్దదై మెలికలు తిరిగితే ‘తా సె పెంగ్’, పాము చుట్టలు చుట్టుకోవడం. సింహాచలంలో చందనోత్సవం నాటి క్యూ చూసినవాళ్ళకి ఆ మాట ఇట్టే అర్థమవుతుంది.

ఇంటి సరుకులకి ఇచ్చిన డబ్బులో కొంత నొక్కేయడం ‘తా ఫూ థౌ’. అక్షరాలా గొడ్డలి కొట్టడం. ఎవరినీ ఊరికే అనకూడని మాట, విని అర్థం చేసుకోవడానికే నేర్చుకోండి.

ఇంకొకటి కళ్ళారా చూసి నేర్చుకున్నాను. మార్చి మొదట్లో, కాజ్‌వే బే దగ్గర కెనాల్ రోడ్ ఫ్లైఓవర్ కింద, చిన్న చిన్న పీటల మీద ముసలమ్మలు కూర్చుంటారు. మన మీద ఏడ్చేవాళ్ళకి గుర్తుగా కాగితం బొమ్మని ఇటుక మీద పెట్టి, పాత చెప్పుతో దబదబా బాదుతూ ఏదో పాడుతుంటారు. దాన్ని ‘తా సియు యన్’ అంటారు, చిన్నబుద్ధి మనిషిని కొట్టడం. మన లారీల వెనక దిష్టికి పాతచెప్పు వేలాడదీస్తారే, అది గుర్తొచ్చింది. ఆ చప్పుడు విన్నాక ‘తా’కి అసలు అర్థం కొట్టడమేనని ఎప్పటికీ మరిచిపోరు.

మన అలవాటు తప్పుదారి పట్టించేవి

చప్పట్లు, తలుపు కొట్టడం ‘తా’ కాదు. అరచేత్తో కొట్టేవాటికి ‘ప్హాక్’ అనే వేరే క్రియ ఉంది. బోర్ కొట్టడానికి క్రియే లేదు, ‘హో మున్’ అంటే చాలు. క్లాసుకి డుమ్మా కొట్టడం ‘చౌ థోంగ్’, క్లాసు నుంచి పారిపోవడం. బస్సు, టాక్సీ ఎక్కడానికి ‘తాప్’. చెవికి ‘తా’లా ఉంటుంది, పెదాలు చివర మూసుకుంటాయి, వేరే మాట.

షాపుల్లో డిస్కౌంట్ ‘తా చిత్’. ఇక్కడ నేను నిజంగా నష్టపోయాను. బూట్ల షాపు ముందు ‘తా పాత్ చిత్’ అన్న బోర్డు చూసి, ‘పాత్’ అంటే ఎనిమిది కదా, ఎనభై శాతం తగ్గింపు అనుకున్నాను. 300 డాలర్ల బూట్లు 60కి వస్తాయని లెక్కవేసుకుని, జేబులో ఒక్క వంద నోటుతో లోపలికి వెళ్ళాను. బిల్లు 240 అయింది. అక్కడ చెప్పేది తగ్గించే భాగం కాదు, మనం కట్టే భాగం. పదిలో ఎనిమిది వంతులు కట్టాలి. ‘తా కౌ చిత్’ అంటే తొమ్మిది వంతులు కట్టాలి, తగ్గింపు పది శాతమే. అంకె ఎంత చిన్నదైతే బేరం అంత మంచిది.

సాధన

వారం రోజులు ఇలా చెయ్యండి. ఎవరికి ఫోన్ చేసినా, నెంబరు నొక్కేముందు ‘తా తిన్ వా’ అనుకోండి. కలిస్తే, మాట్లాడాక ‘తా చో’. కలవకపోతే ‘తా మ్ థుంగ్’. నెంబరు తప్పయితే ‘తా ఛో’. నోటి ముందు కాగితం మరవకండి. రోజుకి పది ఫోన్లు చేసేవాళ్ళకి నాలుగో రోజుకే నోరు తిరుగుతుంది. మా మేనకోడలు ఎన్ఏడీ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి కూడా ఇదే చేస్తోంది. తర్వాతి వారం గాలి, గుడ్డు, పర్సు. ఆ తర్వాతే ‘తా కుంగ్’, ‘తా చమ్’.

చివరగా, గుడ్లు కొనేటప్పుడు ఒక చిన్న సంగతి. ఇదే అక్షరాన్ని పైకి లేపకుండా, మొదటినుంచీ ఎత్తుగా, నిలకడగా ‘తా’ అని పలికితే దాని అర్థం డజను. ఇంగ్లీషు మాటే అలా వాళ్ళ నోట మారింది. ‘యత్ తా కయ్ తాన్’ అంటే ఒక డజను కోడిగుడ్లు. అక్కడ మాత్రం “ఆఁ?” అనే లేపుడు వద్దు. సైకిల్ బెల్లు నొక్కి పట్టుకున్నట్టు, ఒకే ఎత్తులో అనండి.